పాత పీచు వీడియో

సోఫాల మేస్త్రి కొంప ముంచినవాడు స్వయానా అతని బావమరిది. ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి చీటీలు చేతిలో పెట్టడం అతని ఉద్యోగం. పిల్లలకీ పెద్దలకీ అందరికీ మీటర్ల మామయ్యే. మేనకోడలు తొమ్మిదో తరగతి గట్టెక్కిందని వాయిదాల మీద ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు. "చదువుకోడానికి పనికొస్తుంది బావా" అన్నాడు. తనేమో ఐదో తరగతితో సరిపెట్టుకున్నవాడు, చదువు పేరెత్తితే మేస్త్రి నోరు పడిపోతుంది. సరే అన్నాడు. ఆ రోజు నుంచి పిల్ల చదివింది లేదు, వీడియోలు తీసింది తప్ప.

మొదట్లో కొళాయి కారడం తీసింది. రెగ్జిను చుట్టల మీద పడుకున్న పిల్లిని తీసింది. వాళ్ళమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే తీసి చీవాట్లు తింది. రెండు నెలలయ్యేసరికి పిచ్చి ముదిరింది. విరిగిన కుర్చీ కాళ్ళు మూడు తాడుతో కట్టి ఫోనుకి నిలువుకాళ్ళ పీట చేసుకుంది. పొద్దున్న ఎనిమిదింటికి మేస్త్రి పనిచేసే షెడ్డు రేకు సందులోంచి ఏటవాలుగా ఎండ పడుతుందని, ఆ పావుగంట కోసం టిఫిను కూడా మానేసేది. మనిషితో మాట్లాడుతున్నా కెమెరాలో చూస్తున్నట్టు ఒక కన్ను మూసుకునే మాట్లాడేది. నీ కూతురికి కంట్లో నలకేమైనా పడిందా అని రంపం మిల్లు ఆయన అడిగితే మేస్త్రికి తల కొట్టేసినంత పనైంది.

అలాంటి సమయంలో హోటలు పని వచ్చింది. మొత్తం నలభై ఏడు పాత సోఫాలు బాగుచెయ్యాలి. ముందు ఒకటి చేసి చూపించు, నచ్చితే తక్కినవన్నీ నీకే అన్నాడు మేనేజరు. అద్దె, అప్పు, రేకుల మరమ్మతు, అన్నీ ఆ ఒక్క సోఫా మీదే ఆనుకుని కూర్చున్నాయి.

మేస్త్రి దాన్ని ప్రాణం పెట్టి చేశాడు. పాత గుడ్డ విప్పి, లోపలి కొబ్బరి పీచు బయటికి తీసి, కర్రతో చితక్కొట్టి, ఎండబెట్టి, వేళ్ళతో ఏకి మళ్ళీ నింపాడు. ఈ పని చేసేవాళ్ళందరూ చేసేది అదే. ఇరవై ఏళ్ళు నలిగిన పీచు కూర్చుంటే నిలబడుతుంది, కొత్తది ఆరు నెలలకే గుంట పడుతుంది. బిల్లులో మాత్రం అందరూ కొత్త ఫిల్లింగు అనే రాస్తారు. పాతదే అని రాస్తే ఎవరిస్తారు డబ్బులు? మేస్త్రీ అదే రాశాడు. అదే పనిని పిల్ల మూడు రోజులు తీసింది. మేస్త్రి కాదనలేదు. పైపెచ్చు, నోట్లో చీలలు పెట్టుకుని ఒక్కొక్కటీ నాలుకతో పెదవి మీదికి తోసి, అందుకుని సుత్తితో కొట్టేది కాస్త నెమ్మదిగా చూపించు, జనానికి తెలియాలి అని తనే చెప్పాడు. నెట్‌లో పెట్టే ముందు రెండుసార్లు చూశాడు. చూసిందల్లా తన చేతుల్నే. ఎండలో బంగారంలా ఎగురుతున్న పాత పీచు అతని కంటికి ఆనలేదు.

నాలుగో రోజు మేనేజరు ఫోను పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. చాలా బాగా తీశారు, అన్నాడు చల్లగా. అది వేరే ఇంటివాళ్ళ సోఫా అనేశాడు మేస్త్రి. మేనేజరు అతన్ని వదిలేసి పిల్ల వైపు తిరిగాడు. మేస్త్రి కళ్ళతోనే బతిమాలాడు, కళ్ళతోనే బెదిరించాడు.

"మీదేనండీ," అంది పిల్ల. "వేరేది కలపలేదు నేను. కానీ ఆ పీచు కొత్తదానికంటే మంచిది. కూర్చుని చూడండి."

"మంచిదైతే ఆ మాటే బిల్లులో రాయొచ్చుగా అమ్మా."

మేనేజరు కూర్చోనైనా కూర్చోకుండా వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఫోను లాక్కుని బల్ల మీద పెట్టి సుత్తి ఎత్తాడు. పగలగొట్టు, మిగిలిన వాయిదాలు మా తమ్ముడు కట్టడు, నువ్వే కట్టుకుంటావు అంది భార్య గుమ్మంలోంచి. ఎత్తిన సుత్తి అలాగే ఉండిపోయింది. ఆ కోపమంతా పిల్ల మీదికి మళ్ళింది. అన్నం పెట్టే చేతిని నరికావు, నలుగురిలో దొంగని చేశావు, ఒక్క అబద్ధం ఆడితే నీ నోటి ముత్యాలు రాలతాయా అని చెడామడా తిట్టాడు. పిల్ల ఏడ్చింది గాని తల దించలేదు.

"నెమ్మదిగా తియ్యమన్నది నువ్వే నాన్నా. నాకు తెలిసిన మంచి పని అది. దాన్ని దాచాలని నువ్వు చెప్పలేదు."

"అన్నీ నోటితో చెప్తారటే?"

"చెప్పాలి. ఈసారి నువ్వు బిల్లు రాసేటప్పుడు కూడా తీస్తా."

చెయ్యి లేచింది. భార్య మధ్యలోకి వచ్చింది. పిల్ల ఫోనూ, మూడు కాళ్ళ పీటా తీసుకుని బయటికి నడిచింది. అప్పుడు కూడా ఒక కన్ను మూసుకునే ఉంది, ఎండ ఎక్కడ పడుతోందో చూస్తూ.

మేస్త్రి గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసి బల్ల మీదే లెక్క వేశాడు. చేజారిన సోఫాలు నలభై ఆరు. ఒక్కోదానికి నాలుగు వేల రెండు వందలు. మూడుసార్లు వేసినా తగ్గలేదు. లక్షా తొంభై మూడు వేల రెండు వందలు.