గజ ఈతగాళ్లు

గొప్పవాళ్లెవరో, కానివాళ్లెవరో తేల్చే పని వెంకటకృష్ణారావు గారికి ఎవరూ అప్పజెప్పలేదు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆయనే వెతుక్కున్నారు. ఇంటర్నెట్‌లో నలుగురూ కలిసి ఉచితంగా రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో చేరారు. ఓపిక ఉంది, భాష ఉంది, తగువంటే వెనకాడే రకం కాదు. కొన్నాళ్లకే నిర్వాహకుడయ్యారు. అంటే ఎవరి మీదైనా రాసిన పేజీని ఉంచాలా, తీసెయ్యాలా అని చెప్పే అధికారం చేతికొచ్చిందన్నమాట.

న్యాయంగా చెప్పాలంటే ఆయన మంచి పనే చేశారు. సొంత డబ్బా కొట్టుకునే కార్పొరేటర్లు, సంఖ్యాశాస్త్ర పండితులు, తమకు తామే బిరుదులు తగిలించుకున్న కవులు, అందరినీ మొహమాటం లేకుండా ఊడ్చి పారేశారు. పేరున్న పత్రికలు, కనీసం రెండు, ఆ మనిషి గురించి పేరు పెట్టి రాసి ఉండాలి. లేకపోతే పేజీ ఉండదు. ఈ నియమం రాసింది కూడా ఆయనే. జల్లెడ మంచిదే, కాదనను. అందులోంచి ఎవరు జారిపోతున్నారో ఒక్కసారైనా కిందకి చూడకపోవడమే నాకు ఒళ్లు మండే సంగతి.

గవర్నర్‌పేటలో ఆయన ఉండే మేడ కిందే ఒక డీటీపీ షాపు ఉంది. అక్కడ టైపు చేసే స్టెల్లా ఒక మధ్యాహ్నం మెట్లెక్కి పైకి వచ్చింది. ఆమె ఆ సర్వస్వంలో ‘ఎలీషా’ అని ఒక పేజీ రాస్తే, ప్రాముఖ్యత లేదు, తొలగించాలి అని ఆయన దాని నెత్తిన ఎర్ర పట్టీ పెట్టారు.

“ఎలీషా మా నాన్నండి,” అంది.

“తండ్రి గురించి కూతురు రాసుకోకూడదమ్మా. అదీగాక మూలాలేవి? పేపర్లో ఎక్కడైనా వచ్చిందా?”

స్టెల్లా ఫోన్ తీసి ఇంకో పేజీ చూపించింది. కొన్నేళ్ల కిందట కృష్ణలో జరిగిన పడవ ప్రమాదం మీద స్వయంగా ఆయన రాసిందే. చనిపోయినవాళ్ల పేర్లున్నాయి, పరామర్శకు వచ్చిన నాయకుల పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. మధ్యలో ఒక వాక్యం: గజ ఈతగాళ్లు మృతదేహాలను వెలికితీశారు.

“ఈ గజ ఈతగాళ్లు మా నాన్నా, మా బాబాయి సంజీవరావూనండి. ఇంకెవరూ దిగలేదు. అప్పుడు పడవ చెక్క తగిలి మా నాన్నకి కుడి భుజం పోయింది. ఇప్పటికీ చెయ్యి పైకి లేవదు.”

“అబద్ధమని నేననట్లేదమ్మా. పేపర్లో పేరు లేదు కదా. లేనిది నేనెట్లా రాస్తాను?”

మన పేపర్ల జిల్లా పేజీల అలవాటే అంత. నీళ్లలో పోయినవాడికి పేరు, వయసు, ఊరు అన్నీ ఉంటాయి. నీళ్లలో దిగి వాడిని పైకి తెచ్చినవాడు మాత్రం గజ ఈతగాడు. విలేకరి మనసున్నవాడై పేరు రాసి పంపినా, చోటు లేదని డెస్కులో కోసేస్తారు. కోసేవాళ్లకు ఏ పాపమూ తెలియదు. ఎప్పటినుంచో అట్లాగే రాస్తున్నారు, అట్లాగే రాస్తారు.

“మరి ఏం చెయ్యమంటారండి?” అని అడిగింది స్టెల్లా.

“రెండు పేపర్లలో పేరుతో రానివ్వు. ఆ పేజీ నేనే దగ్గరుండి నిలబెడతాను.” ఆయన ఊరికే అనలేదు. మాట మీద నిలబడే మనిషే.

ఏటి ఒడ్డున రాణిగారితోటలో ఎలీషా వాళ్ల గుమ్మం తొక్కేది ఇంట్లో మనిషి మునిగిపోయినవాళ్లే. కాళ్లావేళ్లా పడి పిలుచుకెళతారు. పనయ్యాక ఎలీషా తడిబట్టలతో ఆటో ఎక్కబోతే, శవాన్ని ముట్టుకున్నాడని పక్కవాళ్లు దిగిపోయేవారు. ఆయన దేనికీ నొచ్చుకున్నట్టు కనపడేవాడు కాదు. ఒకరోజు కూతురు ఆ పడవ ప్రమాదం పేజీ చదివి వినిపిస్తే చివరిదాకా విని, “మన పేరు ఎక్కడుందమ్మా?” అన్నాడు. ఆ పిల్ల ఇదంతా నెత్తికెత్తుకున్నది ఆ ఒక్క ప్రశ్న కోసం.

“రెండు పేపర్లలో రావాలంట నాన్నా,” అని మేడ దిగి వచ్చిన సాయంత్రం చెప్పింది. ఎలీషా నవ్వేశాడు.

ఆగస్టులో వరదొచ్చింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు ఘాట్ మెట్ల మీద సెల్ఫీ తీసుకుంటూ జారిపోయాడు. భుజం పోయినప్పటి నుంచీ ఎలీషా వరద నీళ్లలో దిగడం మానేశాడు. ఆ రోజు తమ్ముడు సంజీవరావు కూడా వద్దన్నాడు. నీళ్లు తగ్గాక చూద్దామని పోలీసులూ అన్నారు. పిల్లాడి తల్లి మెట్ల మీద పడి ఏడుస్తోంది. ఎలీషా కాసేపు ఆమెను చూసి, అక్కడే నిలబడి ఉన్న విలేకరి జాన్సన్‌ని పక్కకు పిలిచాడు.

“బాబూ, ఇప్పుడు దిగితే నా పేరు ఏస్తారా?”

“ఇంత వరదలో దిగితే ఎందుకు వెయ్యరండీ? ఫోటోతో సహా వేయిస్తా. మిగతా పేపర్లవాళ్లకీ నేనే చెబుతా.”

ఎలీషా చొక్కా విప్పి తమ్ముడి చేతికిచ్చాడు. నడుముకి తాడు కట్టుకుని దిగాడు. పైన పట్టుకున్నవాళ్లు లాగితే తాడొక్కటే వచ్చింది.

జాన్సనే తర్వాత ఈ మాటలన్నీ స్టెల్లాకు చెప్పి, ఆమె ముందు కూర్చుని ఏడ్చాడు. ఎలీషా మర్నాడు యనమలకుదురు దగ్గర దొరికాడు. గుణదలలో సమాధి చేశారు. జాన్సన్ మాట తప్పలేదు. ఒకటి కాదు, మూడు పేపర్లు రాశాయి. వరదలో మునిగి ఎలీషా (54) మృతి. ఫోటో కూడా వేశారు.

సమాధి అయిన మర్నాడు స్టెల్లా ఆ పేపర్లు పట్టుకుని మళ్లీ మెట్లెక్కింది. వెంకటకృష్ణారావు గారు లేచి నిలబడ్డారు. అప్పటికే ఆయన పేజీని తిరిగి పెట్టి, మూడు వార్తలూ మూలాలుగా చేర్చారు. గంట తిరక్కుండానే హైదరాబాదు నిర్వాహకుడొకరు ఎర్ర పట్టీ మళ్లీ తగిలించారు. ఒకే ఒక్క సంఘటనతో వార్తల్లోకెక్కిన మనిషికి పేజీ ఉండకూడదు, ఈయన విషయంలో ఆ సంఘటన ఆయన చావు. ఇదీ ఆ హైదరాబాదాయన వాదన. ఆ నియమమూ వెంకటకృష్ణారావు గారు రాసిందే.

“పొద్దుటి నుంచీ పోట్లాడుతున్నానమ్మా,” అన్నారు. “ఒక్కరూ నా పక్కకు రాలేదు. ఒక్క సంఘటన చాలదంటున్నారు. తీసేస్తారు.”

స్టెల్లా ఏడవలేదు. పేపరు బల్ల మీద పరిచి, వార్త చివరి వాక్యం మీద వేలు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. గజ ఈతగాళ్లు అతని మృతదేహాన్ని వెలికితీశారు.

“దిగింది మా బాబాయండి. మా నాన్నని ఒక్కడే ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఆ కుర్రాడు ఇంకా దొరకలేదు. వాళ్లమ్మ మా ఇంటి ముందే కూర్చుంది. బాబాయి రేపు మళ్లీ దిగుతానంటున్నాడు,” అంది. “సంజీవరావు పేజీ కూడా ఇప్పుడే టైపు చేసి ఉంచమంటారా సార్?”