ముదురు మట్టల బూడిద

ఫెలీసితాస్ సంచిలోంచి గుప్పెడు సున్నం తీసి నీళ్లలో వేసింది. అది పొంగలేదు, వేడెక్కలేదు. గిన్నె అడుగున మట్టిలా పడుకుంది.

"చచ్చిపోయిందే," అంది కూతురితో.

ఎవెలియా సంచి వైపు చూసింది కానీ తల్లి ముఖం చూడలేదు. ఈ ఏడు ఊరి దేవుడు శాన్ మిగెల్ పండుగ పెత్తనం తమ ఇంటికి వచ్చిందని అమ్మ నెల ముందే సున్నం కొంది. వచ్చేపోయేవాళ్ల కంట పడాలని వసారాలో మూతి విప్పి మరీ నిలబెట్టింది. నెలంతా వానగాలి తాగి సున్నం చల్లారిపోయింది. కొత్తది తెద్దామంటే కొండచరియ పడి పది రోజులుగా దారి లేదు. రేపు మధ్యాహ్నానికి ఊరంతా భోజనానికి వస్తుంది. సున్నపు నీళ్లలో ఉడికితేనే మొక్కజొన్న తోలు వదులుతుంది, పిండి ముద్ద కడుతుంది. లేకపోతే తొర్తియా రొట్టె పెనం మీదే ముక్కలైపోతుంది.

కబురు ఎలా పాకిందో, కాసేపటికి దోన్యా తొమాసా నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చింది. నిరుడు పెత్తనం ఆవిడదే.

"సంచిని పెళ్లికూతుర్లా కూర్చోబెట్టావు కదా ఫెలీసితాస్, దిష్టి తగిలినట్టుంది," అంది. వెనకవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నీ దగ్గర ఏమైనా ఉందా అక్కా?"

"రెండు గుప్పెళ్లుంది, మా ముసలాయన రొట్టెలకి. ఊరికి పెట్టాలంటే ఎక్కడ తేను? ఆ తాళం ఇలా ఇచ్చెయ్. గొర్రె పులుసుతో నేను గట్టెక్కిస్తాను. తొర్తియా లేని పండుగని మాత్రం నీ పేరే చెప్పుకుంటారు."

పెత్తనం ఎవరిదైతే వాళ్ల దగ్గరుండే దేవుడి పెట్టె తాళంచెవి అమ్మ నడుముకి వేలాడుతోంది. అమ్మ చెయ్యి దాని మీదికి వెళ్లడం ఎవెలియా చూసింది. ఒక అడుగు ముందుకేసింది.

"నాగజెముడు బూడిద," అంది.

"ఏమంటోంది?" అంది వెనకనుంచి ఒకావిడ.

"ఈ పిల్లకి మాటలు కూడా వచ్చా?" అంది తొమాసా. "బడిలో ఆకులూ కట్టెలూ కాల్చి తూచేది ఇదేగా, బూడిద పిల్ల."

ఎవెలియా లోపలికి పరుగెత్తి నోటుబుక్కు తెచ్చింది. చదవడానికి నోరు రాక తల్లి చేతిలో పెట్టింది. ఫెలీసితాస్ వేలు పెట్టి చదివింది.

"పైన్ కట్టె నూరు గ్రాములు. బూడిద ఒక గ్రాము కూడా రాలేదు. నాగజెముడు ముదురు మట్ట, ఎండింది, నూరు గ్రాములు. బూడిద ఇరవై రెండు. తెల్లగా ఉంది. నిమ్మరసం పోస్తే బుసబుస పొంగింది. నీళ్లలో కలిపితే వేళ్లకు జారింది. మట్ట ముదిరేకొద్దీ నేలలోని సున్నాన్ని లోపల దాచుకుంటుందని మాస్టారు చెప్పారు."

"ముదురు మట్టంటే మేకలు కూడా మూతి తిప్పుకుంటాయి," అంది తొమాసా. "మా అమ్మమ్మ ఓక్ కట్టె బూడిదతో వండేది. అది వేరు."

ఫెలీసితాస్ పుస్తకం మూసింది. "చిన్న కుండ పెట్టవే," అంది.

ఊళ్లో అందరూ కూరకి లేత మట్టలే కోసుకుంటారు. ముదిరినవి నరికి పొయ్యి రాజేసుకోవడానికి చూరు కింద పడేస్తారు. ఎవెలియా వాటిని రేకు మీద కాల్చి, బూడిదను గుడ్డతో జల్లించి, రెండు చిటికెలు కుండలో వేసింది. అందులో దోసెడు మొక్కజొన్న పోసింది. ఆడవాళ్లు వెళ్లలేదు. ఓడిపోవడం చూడకుండా ఎవరు వెళ్తారు?

గంట గడిచాక తొమాసా ఒక గింజ తీసి నలిపింది. తోలు కదల్లేదు.

"చూశావా?"

ఎవెలియా ఎవరినీ అడగలేదు. ఇంకో రెండు చిటికెలు వేసి, మంట పెంచి, కుండ పక్కనే కూర్చుంది. నీళ్లు మెల్లగా పసుపుపచ్చగా మారాయి. ఆమె గరిటెతో ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కింది. తోలు ఊడి బొటనవేలికి అంటుకుంది. లోపల గింజ నున్నగా మెరిసింది.

ఆ వేలు తొమాసా ముందు పెట్టింది.

తొమాసా తానే ఇంకోటి తీసి నలిపింది. మరొకటి. మూడోది కొరికి, నమిలి, మింగింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఏం చూస్తున్నారే బొమ్మల్లా? మా పైచేలో ఎండిన మట్టలు రెండు గాడిదల మోత ఉంటాయి. వెళ్లి తెండి," అంది.

సాయంత్రానికి నాలుగు బానలు పొయ్యెక్కాయి. రాత్రంతా నానిన గింజ తెల్లారి పిండి అయింది. మధ్యాహ్నం బాకాలు మోగుతుంటే మొదటి తొర్తియా పెనం మీద పొంగి బుంగలా లేచింది. దాన్ని దేవుడి ముందు పెట్టాల్సింది పెత్తనదారు. ఫెలీసితాస్ దాన్ని కూతురి చేతిలో పెట్టింది. ఎవెలియా ఊరంతటి మధ్య నుంచి నడిచి వెళ్లి పెట్టి వచ్చింది. వేళ్లు కాలాయి, కాలనీ అనుకుంది.

పొయ్యిల దగ్గర నుంచి తొమాసా కేక వేసింది. "బిందె గింజకు ఎన్ని గుప్పెళ్లే పిల్లా? ముసలి బుర్ర, మరిచిపోయాను."

బాకాలు ఆగాయి. రెండు వందల ముఖాలు ఇటు తిరిగాయి.

"ఆరు, పెద్దమ్మా," అంది ఎవెలియా, చివరి వరసకు కూడా వినబడేలా. "నిండుగా వెయ్యాలి. లేత మట్టలు వద్దు."

ఫెలీసితాస్ నడుమున తాళంచెవి మెరిసింది. ఆమె కొత్త పళ్లెం అందుకుని వడ్డనకు బయల్దేరింది.