అప్ నేపా కేక

ఇబాదాన్‌లో ఐసుచేపలు అమ్మేవాళ్ళకు ఫ్రీజరే పొలం, కరెంటే వాన. ఆ వానను నమ్ముకోలేక మోరెనికె చిన్న జనరేటరు కొంది. ఊళ్ళో దాని ముద్దుపేరు 'పక్కింటివాణ్ణి మించిపోయా'.

కరెంటు పనివాడు కమోరు గోడకు స్విచ్ బిగించి, పిడి ఆడించి చూపించాడు.

"పైకి వేస్తే లైను, కిందికి వేస్తే జనరేటరు. కింద ఉన్నంతసేపూ కరెంటు వచ్చినా మీ ఇంట్లో తెలీదు ఆంటీ. మిషన్ని మాత్రం ప్రహరీ దగ్గర పెట్టండి, పొగ దూరంగా పోతుంది."

"ప్రహరీ దగ్గరా? తెల్లారేసరికి గొలుసొక్కటే మిగులుతుంది. నువ్వొచ్చి కాపలా పడుకుంటావా?"

దొంగను అంత బాగా లెక్కగట్టిన మోరెనికె పొగను లెక్కలోకే తీసుకోలేదు. వెనక సందులో, పక్కవాటా కిటికీ ఊచలకే జనరేటరును గొలుసుతో కట్టేసింది. ఆ వాటాలో అలాజా రఫియత్ ఒంటరిగా ఉంటుంది. మక్కా వెళ్ళొచ్చి 'అలాజా' అనిపించుకున్న ముసలావిడ, నోరూ పెద్దదే.

"దారే అమ్మా! పొమ్మనలేక పొగబెడుతున్నావటే?" అంది అలాజా మొదటిరోజే, మోరెనికెను కొడుకు పేరుతో పిలుస్తూ.

"అయ్యో, ఎంత మాట! కాసేపు కిటికీ మూసుకోండి అలాజా. ఫ్రీజరు గడ్డకట్టగానే ఆపేస్తాను."

సాయంత్రం కొడుకు దారే చేత రెండు కానాగంత చేపలు పంపించి, చెల్లుకు చెల్లు అనుకుంది.

నిజానికి ఆమె బాకీ అంతటితో తీరేది కాదు. కరెంటు రాగానే వీధంతా 'అప్ నేపా!' అని అరుస్తుంది. నేపా అన్న కరెంటు కంపెనీ పేరు ఎప్పుడో మారినా కేక మారలేదు. అందరికంటే ముందు అరిచేది అలాజా. జనరేటరు హోరును చీల్చుకుని ఆ గొంతు వినపడగానే మోరెనికె పిడి పైకెత్తి జనరేటరు ఆపేసేది. అలా మిగిలిన పెట్రోలును ఆమె ఎన్నడూ లెక్కలో వేసుకోలేదు. ఊరికే వచ్చేదానికి లెక్కేమిటి?

ఒక మధ్యాహ్నం జోరువాన. అందరూ తలుపులు బిగించుకున్నారు. వెనక సందులో జనరేటరు మోగుతూనే ఉంది. ముందు వసారాలో మోరెనికె చేప కోస్తుంటే, కొనడానికి వచ్చినావిడ గొడుగు దులుపుతూ నవ్వింది.

"ఎదురింట్లో ఫ్యాను తిరుగుతోంది. నువ్వింకా పెట్రోలు తగలేస్తున్నావేం? ఎక్కడైనా పెట్రోలు బావి దొరికిందా?"

"కరెంటొస్తే మా అలాజా అరవదూ?"

ఆ మాట నోట్లోంచి వచ్చాకే మోరెనికె చెవిన పడింది. కత్తి ఆగిపోయింది. వానలోకి పరుగెత్తి ముందు జనరేటరు ఆపింది, తరవాత అలాజా తలుపు తోసింది. గడియ లేదు. గది నిండా ఘాటు. నమాజు చాప మీద గోడకు ఆనుకుని అలాజా తల వాల్చేసి ఉంది. పైన బల్బు వెలుగుతూనే ఉంది.

చంకల కింద చేతులు వేసి వసారాలోకి ఈడ్చుకొచ్చింది. "అలాజా! అరవండి! తిట్టండి! ఏదో ఒకటి అనండి!"

వానజల్లు ముఖాన కొట్టగా కొట్టగా ముసలావిడ కక్కుకుని కళ్ళు తెరిచింది. "తల పగిలిపోతోందే... ఫ్రీజరు ఆపేశావా? నీ చేపలు కరిగిపోతాయే."

"కరిగి కాలవలో పోనీ అలాజా," అంటూ మోరెనికె బోరుమంది.

ఎదురింటాయన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టించుకుని, ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు అలాజా నడిచే ఇంటికొచ్చింది. అప్పటికే కమోరు జనరేటరును ప్రహరీ దగ్గరికి మార్చి, పైన రేకు వేస్తున్నాడు.

"దొంగ ఎత్తుకుపోతే పోనీ," అంది మోరెనికె. "కమోరూ, అలాజా వాటాకు కూడా వైరు లాగు. బల్బూ ఫ్యానూ రెండూ మన జనరేటరు మీదే."

"ఫ్యాను చాలు," అంది అలాజా. "నా బల్బు జోలికి రావద్దు."

"ఇంకా కోపమేనా?"

"కోపమా నా మొహమా! నా బల్బు కూడా నీ జనరేటరు మీద వెలిగితే లైను కరెంటు వచ్చిందని నాకెలా తెలుస్తుంది? నీకు అరిచి చెప్పేదెవరే పిచ్చిదానా?"

ఆమె ప్రహరీ వైపు కిటికీ బార్లా తెరిచి, అక్కడికే స్టూలు జరుపుకుని కూర్చుంది. "దొంగ వచ్చినా ఈ గొంతే. కేక మారుతుందంతే."