తాప్లెలెయ్ నెత్తురు

రెండు తేయాకులూ ఒక మొగ్గా. తాప్లెలెయ్ వేళ్లు ఆమె చూడకుండానే వాటిని తుంచి వీపు మీది బుట్టలోకి విసురుతున్నాయి. కెన్యాలోని బొమెట్ కొండల మీద మంచు ఇంకా విడలేదు. నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ గుడ్డ తడిసి కాళ్లకు అంటుకుంటోంది. మెడ ఎముకలు తేలాయి. గుటక వేస్తే పక్క సాలుకు వినబడుతోంది. పాలు తప్ప ఏదీ దిగడం లేదు. అయినా బుట్ట నింపకుండా ఆమె ఏనాడూ ఇంటికి పోలేదు.

తల్లీ, ఇద్దరు చెల్లెళ్లూ ఇదే గొంతు జబ్బుతో పోయారు. ఊరు దాన్ని శాపమంది. ఈ మధ్యాహ్నం ఆసుపత్రిలో ఆమె అన్నవాహిక నుంచి చిన్న ముక్క, చేతి నుంచి కాస్త రక్తం తీసుకుంటారు. ఒకే ఇంట్లో ఇంతమందికి ఎందుకొస్తోందో జన్యువుల్లో వెతుకుతారట.

ఆ సంగతి తెలిసి తమ్ముడు కిప్యేగోన్ తోటకే వచ్చాడు. ఇంటి పెద్దరికం అతనిది.

"వద్దక్కా. మన నెత్తురు పరాయివాళ్ల చేతిలో పోస్తావా? పరువు బజారున పడుతుంది. నా కూతుళ్లను ఎవరు చేసుకుంటారు?"

"ముగ్గుర్ని పూడ్చుకున్నాం. అప్పుడేమన్నా బజారు వచ్చి ఏడ్చిందట్రా?"

"శాపాన్ని కెలక్కూడదు."

"కెలికి చూద్దాం. దానికీ భయముంటుందేమో!"

పక్క సాలులో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. తిండి వేళ కావడంతో ఒకామె అతనికి మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద, ఆకుకూర పెట్టింది. అతను ముద్దను అటూ ఇటూ కదిపి, "ఆకలి లేదు" అంటూ టీ మాత్రం అందుకున్నాడు. చల్లార్చుకుని, కొంచెం కొంచెంగా, కళ్లు మూసుకుని మింగాడు.

తాప్లెలెయ్ చెయ్యి ఆగిపోయింది. నిరుడు తనూ ఇలాగే ఆకలి లేదంది.

"ఎన్నాళ్లనుంచిరా?"

"ఏంటి?"

"నా దగ్గర దొంగవేషాలా? ముద్ద ఎన్నాళ్లనుంచి దిగట్లేదు?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "వానల ముందు నుంచి" అన్నాడు.

ఆమె బుట్ట దింపింది. చర్చిలోకి వస్తే అందరూ లేచి నిలబడే ఆ ఆరడుగుల మనిషిని చొక్కా పట్టుకుని రోడ్డెక్కించింది.

ఆసుపత్రిలో నర్సు చెరోనో దాచకుండా చెప్పింది. "అమ్మా, ఈ పరిశోధనతో నీ జబ్బు నయం కాదు. ఏదైనా తేలడానికి ఏళ్లు పట్టొచ్చు."

"నన్ను బతికించమని అడిగానా? తియ్యి నెత్తురు. ముందు వీడి గొంతులో గొట్టం వేసి చూడండి."

కిప్యేగోన్‌కు జబ్బు ఇంకా లోతుకు పోలేదు. ఆపరేషన్ సమయానికి జరిగింది. అతను బతికాడు.

తాప్లెలెయ్ ఆ వానలు వెలవక ముందే, ఒక ఉదయం పనికి లేవలేదు.

ఇంటి పెరట్లో ఆమెను పూడ్చేచోట ఓ ముసలాయన మళ్లీ శాపం మాట ఎత్తాడు. కిప్యేగోన్ లేచాడు. ఆపరేషన్ తర్వాత గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"శాపం కాదు మావా, జబ్బు. మా అక్క నెత్తురిచ్చింది. నేనూ ఇచ్చాను. రేపు నా కూతుళ్లను తీసుకెళ్తున్నా. పరువు పోతుందనుకునేవాళ్లు ఇంట్లో కూర్చోండి."

తాప్లెలెయ్ గుమ్మం పక్కన ఆమె రబ్బరు బూట్లు, మడమల మీద ఎర్రమట్టి అలాగే అంటుకుని, తోట వైపు తిరిగి ఉన్నాయి.