దుంగకు అవతలి వైపు

బజాన్ బట్ట ధరలో ఎవరి వాటా ఎంతో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నూలుకు సగం. రంగు వేసే ఆడవాళ్లకు పావు. గంజికి, బండివాడికి కలిపి ఇంకొంత. అడుగున మిగిలింది కొట్టేవాళ్లకు. రంగు వేసి, చిక్కటి గంజిలో ముంచి, ఎండబెట్టిన బట్టను దుంగ మీద మడతలు పెట్టి ఇద్దరు మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని కొయ్య సుత్తులతో కొడతారు. మెరుపు వచ్చేది అప్పుడే. ఆ మెరుపు లేని బజాన్ తొడుక్కుని మా బమాకో నగరంలో ఎవరూ పెళ్లికి వెళ్లరు, వెళ్లినా గుమ్మం దగ్గరే నిలబడతారు. అయినా నా లెక్కలో కొట్టుడు చివరిదే. రెక్కల్లో బలం ఉన్నవాడెవడైనా కొడతాడులే అనుకునేదాన్ని. సిరిమాన్ పోయాకగాని ఆ లెక్క తప్పని నాకు తెలియలేదు.

నా దుకాణం వెనకే కొట్టేవాళ్ల పాకలు. మొదటి పాకలో సిరిమాన్ ట్రావోరే, బకారీ దియారా. మీసాలు రాని వయసు నుంచి ఇద్దరిదీ ఒకే దుంగ. ట్రావోరే, దియారా ఇంటిపేర్ల వాళ్లకు తాతల నాటి నుంచి పరాచికాల వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిట్టించుకున్నవాడు నవ్వాలి, కోపం తెచ్చుకుంటే పరువు తక్కువ. ఎదుటివాణ్ణి బొబ్బర్లు తినేవాడనీ, తమ ఇంటి పాలేరనీ అనడం ఆ వరసలో మామూలు తిట్టు. నేనూ ట్రావోరేల పిల్లనే కాబట్టి నా వాటా తిట్లు నాకూ ముట్టేవి. పాకలోంచి పగలంతా రెండు చప్పుళ్లు వినిపించేవి. ఒకటి సుత్తులది, రెండోది వాళ్ల నోళ్లది.

"ఒరే బొబ్బర్ల మేతగాడా, గట్టిగా కొట్టరా! దోమ వాలిందనుకుంటోంది బట్ట," అనేవాడు బకారీ.

"మా ఇంటి పాలేరుకి నోరు లేచిందే! మీ తాత మా గాడిదలకి నీళ్లు పెట్టేవాడు, తెలుసా?" అనేవాడు సిరిమాన్.

"పెట్టాడు పాపం. ఆ గాడిదల్లో మీ నాన్న కూడా ఉండేవాడట."

ఈ మాటలకు కొనేవాళ్లు ఆగి నవ్వేవారు. ఆగినవాళ్లకు నేను ఏదో ఒకటి అంటగట్టేదాన్ని. ఆ తిట్ల వల్ల నాకు లాభమే. అంతకు మించి వాటి సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

సిరిమాన్‌కి ఒక్కతే కూతురు, తెనిన్. చైనాలో గ్వాంగ్‌జౌ అనే ఊళ్లో ఉంటుంది. మన వాళ్ల సరుకు మూటలు కట్టి ఓడలకెక్కించే ఆఫీసులో పని. ఆ ఆఫీసు నడిపే కుర్రాడితోనే పెళ్లి కుదిరింది, పెళ్లి కూడా అక్కడే. కూతురి పెళ్లి బట్ట కోసం సిరిమాన్ నా దుకాణంలో తెల్ల తానులన్నీ విప్పించాడు. ఒక్కొక్క దాన్నీ చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూశాడు. చీకటి పడే ముందు నది ఉండే రంగు కావాలన్నాడు. రంగు వేసే వాళ్ల పక్కనే కూర్చుని నాలుగు సార్లు ముంచించాడు. చివరికి బట్ట దుంగ మీదకి వచ్చింది.

సగం కొట్టారు. మధ్యాహ్నం సిరిమాన్ సుత్తి కింద పెట్టి ఛాతీ రుద్దుకున్నాడు. "ఈ దియారా మొహం చూసీ చూసీ గుండె పట్టేసింది" అన్నాడు. మంచినీళ్లు తాగి దుంగ పక్కనే ఒరిగాడు. మళ్లీ లేవలేదు.

మాలో ట్రావోరే చనిపోతే దియారా చేయాల్సిన పని ఒకటుంటుంది. పాడెకు అడ్డం నిలబడాలి. "లేవరా సోమరిపోతా, పని ఎగ్గొట్టడానికి ఎన్ని వేషాలు!" అని తిట్టాలి. ఇంటివాళ్లు చేతిలో మర్యాదకి ఇచ్చే కోలా కాయలు పెట్టి బతిమాలితే పక్కకు తప్పుకోవాలి. ఏడుస్తున్నవాళ్లు అప్పుడు నవ్వుతారు, నవ్వుతూ పంపిస్తారు. ఆ సాయంత్రం పాడె లేచింది. బకారీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మోసేవాళ్లు అతని కోసం ఆగారు. ఇమాం కూడా అతని వైపు చూశాడు. అతను నోరు తెరవలేదు. కాసేపు చూసి పాడెను తీసుకుపోయారు.

"దియారా నోటి మాట లేకుండా ట్రావోరే మట్టికి పోతున్నాడు. ఎక్కడైనా విన్నామా అమ్మా ఇది?" అని నా పక్కనున్న ముసలావిడ గొణిగింది.

ఆ రోజు నుంచి ఇద్దరి సుత్తులూ మేకుకు వేలాడాయి. తెనిన్ బట్ట దుంగ మీదే ఉంది, గోనె కప్పి. మెరుపు తేలిన సగం లోపలికి మడిచి, ఇంకా మెరవని సగం పైకి ఉంచారు. పక్క పాకలో కొట్టే మాదూని పంపించాను. వాడిది మంచి చెయ్యి. నా మొహం చూసి బకారీ ఒప్పుకున్నాడు. ఇద్దరూ ముందు ఒక పాత గుడ్డను దుంగ మీద వేసి కొట్టి చూశారు. పదో దెబ్బకు సుత్తులు రెండూ ఢీకొన్నాయి. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఢీకొన్నాయి. సిరిమాన్ ఎడమచేతి వాటం. ఎదురుగా కూర్చుని ఎడమ చేత్తో కొడితే అతని సుత్తి బకారీ కుడి చేతి పక్కనే దిగుతుంది. ఇన్నేళ్లూ రెండు సుత్తులూ ఒకే వైపు నుంచి ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. మెరుపు కూడా ఒకే వైపుకు వాలింది. కుడిచేతి వాడు కూర్చుంటే దెబ్బ అడ్డం తిరుగుతుంది, బట్ట సగం ఒకలా, సగం ఒకలా కనిపిస్తుంది. మాదూ తల గోక్కుంటూ లేచిపోయాడు. బకారీ గోనె మళ్లీ కప్పేశాడు.

నలభయ్యో రోజు ప్రార్థనలకు తెనిన్ వచ్చింది. ఆదివారం తిరిగి విమానం ఎక్కాలి, వచ్చే వారమే పెళ్లి. దర్జీకి కుట్టుపనికి రెండు రోజులు కావాలి. అంటే బట్ట గురువారానికి దుంగ దిగాలి. మేం ఈ లెక్క వేసుకున్నది బుధవారం పొద్దున.

నేను వ్యాపారిని, చేతిలో ఉన్నదే చూపించాను. మిషన్ మీద మెరుగు పెట్టిన నీలం బట్ట తీసి ఆమె ఒళ్లో పరిచాను.

"అత్తా, ఇది గ్వాంగ్‌జౌలో మా వీధి చివర గోడౌన్‌లో గుట్టలుగా పడుంటుంది" అంది తెనిన్. "దీని కోసం రెండు విమానాలు మారి వచ్చానా?"

"మెరుస్తోంది కదే!"

"మెరుస్తుంది గానీ మాట్లాడదు." రెండు వేళ్లతో నలిపి నా చెవి దగ్గర పెట్టింది. "వినపడిందా? లేదు కదా. నాన్న కొట్టిన బట్ట కట్టుకుని అమ్మ వంటింట్లోంచి కదిలితే వాకిట్లో ఉన్న నాకు తెలిసేది. నాకు ఆ చప్పుడు కావాలి. అది లేకపోతే మామూలు గౌను వేసుకుని చేసుకుంటా పెళ్లి."

ఏ సరుకు ఎలా కదపాలో నాకు తెలుసు. బేరంతో కదలని మనిషిని ఎలా కదపాలో కూడా కొంత తెలుసు. బొబ్బర్లు ఉడకబెట్టి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి కలిపి, పెద్ద గిన్నెలో పోసుకుని తెనిన్‌ని వెంటబెట్టుకుని పాకలోకి వెళ్లాను. బకారీ దుంగ పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. గిన్నె అతని ముందు పెట్టాను.

"ఇదిగో, మీ కులదైవం. తినిపించడానికి మీ యజమానురాలు స్వయంగా వచ్చింది."

బకారీ కళ్లెత్తలేదు. "ఇంటికెళ్లు సరాన్."

ఇన్నేళ్లలో అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. 'బొబ్బర్ల బస్తా' అనో, 'మా పాలేరు చెల్లెలు' అనో తప్ప పిలిచేవాడు కాదు.

తెనిన్ చాప అంచున కూర్చుంది. "పాడె దగ్గర నాన్నని ఎందుకు తిట్టలేదు?" అని అడిగింది. ఆ మాట అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికీ రాలేదు.

అతను గిన్నె కాస్త పక్కకు జరిపాడు. "నేను అన్న మాటకి వాడు బదులు చెప్పని రోజు లేదు తల్లీ. జ్వరంతో మూలుగుతున్నా దుప్పట్లోంచి తిట్టేవాడు. ఆ రోజు నేను లేవరా అని, వాడు ఊరుకుంటే... అందుకే అనలేదు."

ఇక నా దగ్గర ఏ బేరమూ మిగల్లేదు. గిన్నె తీసుకుని వెళ్లిపోదామని వంగాను. అప్పుడు తెనిన్ లేచి గోనె తీసేసింది. మేకు నుంచి తండ్రి సుత్తి దించింది. దుంగకు అవతలి వైపు, తండ్రి కూర్చునే చోట, చెప్పులు విడిచి కూర్చుంది. సుత్తి ఎడమ చేతిలో ఉంది. ఆ చెయ్యి గిన్నెలోకి వస్తే అత్తలంతా చిన్నప్పుడు గరిటెతో కొట్టిన చెయ్యి అది.

"ఏయ్ పాలేరూ" అంది. "మా నాన్న పడుకుని రెస్ట్ తీసుకుంటున్నాడు. పని నాకు అప్పజెప్పాడు. నీకు కూలి ఇచ్చేది కూర్చోడానికా?"

బకారీ ఆమె చేతినే చూశాడు. గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు లేదు" అన్నాడు నాతో. "ట్రావోరేల వంట మరి." చేతులు తుడుచుకుని తన సుత్తి దించాడు. "ఆడపిల్లవి, ఇది నీ వల్ల అవుతుందా?"

"సజ్జలు దంచిన చెయ్యి ఇది. ఒకే రోట్లో అమ్మా, నేనూ, పిన్నీ ముగ్గురం దంచేవాళ్లం. ఒక్కసారైనా రోకళ్లు తగిలాయా?"

"రోలు కాదిది, దుంగ. మణికట్టు వదులు చెయ్. వదులుగా ఉండాలి. మీ నాన్న బుర్రలా."

మొదట పాత గుడ్డ మీద కొట్టారు. రెండు మూడు దెబ్బలు తడబడ్డాయి. ఆ తర్వాత తడబడలేదు. అప్పుడు అతను నీలం బట్టను దుంగ మీద సర్దాడు, మైనం రాశాడు, సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తిని గాల్లోనే ఉంచి గట్టిగా అరిచాడు. "లేవరా సిరిమాన్! నలభై రోజులు పడుకుంటావట్రా గాడిదా!"

దెబ్బ పడింది.

"గాడిదలకి నీళ్లు పెట్టావా ముందు?" అంది తెనిన్. ఆమె దెబ్బా పడింది.

ఆ తర్వాత ఏది సుత్తి చప్పుడో, ఏది మాటో నేను విడదీయలేకపోయాను. తిట్టు, దెబ్బ, తిట్టు, దెబ్బ. ఇన్నాళ్లూ వాళ్లు పని చేస్తూ పరాచికాలాడుతున్నారనుకున్నాను. పరాచికమే తాళమనీ, ఆ తాళం మీదే సుత్తులు నడుస్తాయనీ అప్పుడు చూశాను. నా ఎదుట రోజూ జరిగిన పని అది. నా దుకాణం దానిమీదే నిలబడింది. చుట్టూ ఉన్న పాకల్లో సుత్తులు ఒకటొకటిగా ఆగిపోయాయి. రంగు వేసే ఆడవాళ్లు నీలం చేతులతో వచ్చి నిలబడ్డారు. బకారీ ఆ సాయంత్రం పాడె ముందు అనవలసినవన్నీ ఒక్కటీ వదలకుండా అన్నాడు. వచ్చినవాళ్లు నవ్వారు. నవ్వుతూ కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ముసలావిడ ఒకతె ఇంటికి పరుగెత్తి కోలా కాయలు తెచ్చి బకారీ ఒళ్లో పోసింది. "ఇక దారి వదలరా నాయనా" అంది. అతను నవ్వి, ఒక కాయ కొరికి, కొడుతూనే ఉన్నాడు.

ఎండ వాలేసరికి బట్ట అయిపోయింది. మేం ముగ్గురం, రంగు వేసే ఆవిడొకతె కలిసి నాలుగు మూలలూ పట్టుకుని విప్పాం. నాది వ్యాపారి కన్ను. ఏ బట్టలోనైనా ముందు లోపం కనిపెట్టి, తర్వాత ధర కడుతుంది. సిరిమాన్ చెయ్యి ఎక్కడ ఆగిందో, అతని కూతురి చెయ్యి ఎక్కడ మొదలైందో వెతికాను. వాలుగా చూశాను. నీడలోకి తిప్పాను, ఎండలోకి తిప్పాను, వేలితో తడిమాను. ఆ గీత నాకు దొరకలేదు. వాలుతున్న ఎండ దాని మీద పడితే చేతుల్లో నీళ్లు పట్టుకున్నట్టుంది. గాలి తగిలి అంచు కదిలింది. ఎండాకులు తొక్కినట్టు చప్పుడు. తెనిన్ బట్టలో మొహం దాచుకుంది.

శనివారం ఆ బట్టతో కుట్టిన గౌను తొడుక్కుని చూపించడానికి వచ్చింది. పాక మలుపు తిరగకముందే అందరికీ తెలిసింది వస్తోందని. బకారీ ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"మంచి బట్ట. లోపల ట్రావోరే ఉంది, అదొక్కటే లోటు."

"చైనాలో కూడా ఇలాగే తిట్టేవాడొకణ్ణి వెతుక్కోవాలి నేను" అంది తెనిన్.

"వెతుక్కో. దియారాలు ఎక్కడైనా ఉంటారు. యజమానులు కదా, లోకమంతా తిరుగుతారు."

ఆమె వచ్చిన టాక్సీ కదిలేదాకా ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు. అది మలుపు తిరిగాక బకారీ పక్క పాకలోకి చూసి మాదూని కేకేశాడు. తన పాత చోట వాణ్ణి కూర్చోబెట్టాడు. తను దుంగకు అవతలి వైపు, సిరిమాన్ చోట కూర్చున్నాడు. సుత్తిని ఎడమ చేతిలోకి మార్చుకుని బరువు చూసుకున్నాడు.

"ఏంటి చూస్తున్నావ్, బొబ్బర్ల బస్తా?" అన్నాడు నాతో. "బట్ట తీసుకురా."

తీసుకురావడానికి దుకాణంలోకి పరుగెత్తాను.