సోములు హాజరు

కలకత్తా వాట్‌గంజ్‌లో పొద్దున్న ఆరింటికి హాజరు పిలుస్తారు. సూపర్‌వైజరు బిశ్వాస్ బాబు పుస్తకం తెరిచి "సోములూ!" అంటాడు. సింహాచలమ్మ "హాజిర్ బాబూ" అంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. అందులో ఎవరికీ ఏ తప్పూ కనబడలేదు. రోడ్లు ఊడ్చే తెలుగువాళ్ళ క్వార్టర్లలో సగం ఇళ్ళకి ఇదే పద్ధతి: ఉద్యోగం మొగుడిది, చీపురు పెళ్ళానిది. మొగుడు తాగి పడిపోయినా, జబ్బున పడినా, ఊరికే బద్ధకించినా పెళ్ళాం వెళ్ళి ఆ పేరుకి పలికి బండి తోసుకుపోతుంది. సోములుకి నడుం పోయింది. మురుగు కాలవలో జారిపడ్డ నాటినుంచీ మంచం మీద పడుకునే ఉద్యోగం చేస్తున్నాడు.

తమాషా ఏమిటంటే సింహాచలమ్మ మొగుడి పేరు నోటితో అనదు. బొబ్బిలి నుంచి వచ్చిన వాళ్ళ అత్త తన మొగుడి పేరు అనలేదు, ఈమె కూడా అనలేదు. అనకూడని ఆ పేరుకి రోజూ వీధిలో నిలబడి పలకడానికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాలేదు.

ఇన్నాళ్ళూ ఎలాగో నడిచింది గానీ, ఇంకో ఎనిమిది నెలల్లో సోములు రిటైరవుతాడు. ఆ రోజుతో ఆమె పని పోతుంది, క్వార్టరూ పోతుంది. కొడుకుల్లేరు. ఉన్నది పుష్పరాణి ఒక్కతే, కాలేజీలో చదువుతోంది. ఈలోపు ఆ తల్లి పేరు పుస్తకంలోకి ఎక్కకపోతే పంతొమ్మిదేళ్ళ చాకిరీ గాలిలో కలిసిపోయినట్టే. సింహాచలమ్మకి నిద్ర పట్టడం మానేసింది.

సరిగ్గా అప్పుడే హాజరు వెయ్యడానికి ఒక ఫోను వచ్చిపడింది. దాని ముందు మొహం పెడితే హాజరు దానంతట అదే పడుతుందట. ఫోనంటే నమ్మకం లేక బిశ్వాస్ బాబు పుస్తకాన్ని చంకలోంచి దించలేదు, అది వేరే సంగతి. అందరి మొహాలూ ఎక్కించడానికి న్యూ టౌన్ సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు, సాయివర్ధన్ అని.

"మీరు తెలుగోళ్ళా!" అని మొదట తెగ సంబరపడ్డాడు. "మాది కరీంనగర్ అమ్మా. ఆఫీసు బయట తెలుగు విని ఎన్ని రోజులైందో."

సింహాచలమ్మకి ప్రాణం లేచొచ్చింది. తనవాడు దొరికాడని గోడంతా వెళ్ళబోసుకుంది. అతను విన్నాడు, కాదనకూడదు. వింటూనే ఆమె వేలు తగిలిన ఫోనుని జేబురుమాలుతో రెండుసార్లు తుడిచాడు. "ఒక ఉద్యోగికి ఒకటే మొహం అమ్మా. సిస్టమ్ ఒప్పుకోదు. మీ ఆయన్నే తీసుకురండి," అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాల్సివచ్చినా ఆమెతో హిందీలోనే చెప్పాడు.

ఇక మొదలైంది యాతన. రోజూ చీకటితో సోములుని లేపాలి, మొహం కడగాలి, రిక్షా ఎక్కించాలి, ఫోనుకి చూపించాలి, మళ్ళీ ఇంట్లో దించి వచ్చి చీపురు పట్టుకోవాలి. సోములుకి మాత్రం సరదాగా ఉంది. ఇన్నేళ్ళకి ఉద్యోగానికి వెళ్తున్నాడు కదా, నున్నగా దువ్వుకుని పౌడరు కూడా రాసుకుంటున్నాడు.

"నన్ను పనిలో ఎట్టుకోమని అర్జీ రాయవే," అంది సింహాచలమ్మ కూతురితో, ఒళ్ళు మండిపోయి.

పుష్పరాణి బెంగాలీలో శుభ్రంగా రాసింది. తల్లీ కూతుళ్ళు వార్డు ఆఫీసుకి వెళ్ళారు. లోపల ఆఫీసరు మేడమ్ అర్జీ చదివి కళ్ళజోడు తీసింది.

"వేరే మనిషి పేరుతో పనిచేశానని నువ్వే రాసిస్తున్నావు. కేసు పెట్టమంటావా? పైగా అన్యాయం అంటున్నావు. ఎవరికి అన్యాయం? ఆడవాళ్ళకా? ఈ ఆఫీసులో ఆడవాళ్ళం నలుగురం ఉన్నాం, కనబడటం లేదా?"

"పోనీ, తెలుగువాళ్ళకి..." అనబోయింది పుష్పరాణి.

"మీవాళ్ళకా? బయట చీపురు పట్టే నలభైమందీ మీవాళ్ళే!"

"ఆ నలుగురిలో మావాళ్ళెవరు మేడమ్? ఈ నలభైమందిలో ఆడపేరు ఒక్కటుందా?"

మేడమ్‌కి చిరాకేసింది. "అదీ ఇదీ కలిపి అడిగితే ఎలా? ఆడవాళ్ళకి ఒక కాగితం, మీవాళ్ళ కులానికి ఒక కాగితం. ఏది కావాలో చెప్పు. అయినా కులం సర్టిఫికెట్ ఏది? మీ తాతది ఆంధ్రాలో ఇచ్చింది. అది ఇక్కడ చెల్లదు."

"మా వీధి కుళాయి దగ్గర చెల్లుతోంది మేడమ్," అంది పుష్పరాణి.

దాంతో మాట తెగిపోయింది. మేడమ్ అర్జీని బల్ల మీదుగా వెనక్కి తోసింది. బయటికొచ్చాక సింహాచలమ్మ మెట్ల మీదే ఆగిపోయింది.

"ఏటే గుంటా, ఏటంటాది ఆవిడ? నాను ఆడదాన్ని కాదంటాదా, తెలుగుదాన్ని కాదంటాదా?"

"రెండూ ఒకేసారి అవ్వొద్దంటాది, అమ్మా."

సింహాచలమ్మ కొంగు బిగించి ఇంటిదారి పట్టింది.

మర్నాడు మామూలుగానే సోములుని రిక్షా ఎక్కించింది, ఫోనుకి మొహం చూపించింది, హాజరు పడిందని బిశ్వాస్ బాబు తలూపాక ఇంటికి తీసుకొచ్చి దించింది. చీపురు గోడకి ఆనించింది. బండిని ఉన్నచోటే ఉంచి, గుమ్మంలో కూర్చుని టీ తాగింది. ఇంకో గ్లాసు కూడా తాగింది.

పదింటికల్లా బిశ్వాస్ బాబు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. సింహాచలమ్మ ఊడ్చే చేపల బజారు వీధంతా పొలుసులూ పేగులూ, ఈగలు ముసురుతున్నాయి, పెద్దవాళ్ళెవరో అటుగా వెళ్తూ ముక్కు మూసుకున్నారట. జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది.

"ఏం మాసీ, పనికి ఎందుకు రాలేదు?" అన్నాడు బెంగాలీలో.

సింహాచలమ్మకి బెంగాలీ బాగా వచ్చు. కానీ కోపం వస్తే తెలుగే వస్తుంది. కూతురు పక్కన నిలబడి ఆ మాటల్ని బెంగాలీలోకి మార్చి చెప్పింది.

"రానేదని ఎవులు సెప్పారు బాబూ? మీ పోనులో హాజరు పడ్డాది గదా. అదిగో, మంచం మీద ఉన్నాడు. ఈది ఊడిసినాడో నేదో ఆయన్నే అడుగు."

సోములు దుప్పటి ముసుగేశాడు. బిశ్వాస్ బాబు ముందు కసిరాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత ఉద్యోగం పీకిస్తానన్నాడు.

"ఎవులిది పీకిస్తావు? నాకు ఉన్నాదేటి?" అంది సింహాచలమ్మ. "నాను రానేదంటన్నావు గదా. అదే రాసుకో. పుస్తకంలో నా పేరెట్టి, గైరాజరని రాయి. రాస్తే ఇప్పుడే ఎల్తాను."

బిశ్వాస్ బాబు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. ఫోను మళ్ళీ మోగింది. విసురుగా పుస్తకం తెరిచి, అడుగున ఖాళీలో ఏదో గిలికి, ఇదిగో అన్నట్టు ఆమె ముందుకి చాచాడు.

ఆమెకి ఏ అక్షరాలూ రావు. అయినా ఆ గీతల్ని చాలాసేపు చూసింది. పుస్తకం కూతురికిచ్చింది. పుష్పరాణి రెండుసార్లు చదివింది.

"ఏటి రాసినాడే?"

"సోములు పెళ్ళాం, గైర్హాజరు."

సింహాచలమ్మ లేవబోయినదల్లా మళ్ళీ చతికిలబడింది. పుస్తకం తీసుకుని బిశ్వాస్ బాబు చేతిలో పెట్టింది.

"కొట్టీసి మళ్ళీ రాయమను," అంది కూతురితో. "పేరు తెలకపోతే సెప్తాను. ఎంతసేపైనా కూకుంటాను. ఇయ్యాల నాను పనిలోకి ఎల్నేదు గదా."