కుడి చక్రం నట్టు

గుడి చుట్టూ మనం కుడివైపుగా తిరుగుతాం. నట్టు కూడా కుడివైపుకు తిప్పితేనే బిగుస్తుంది. ఇది ఎవరు ఎవరికి నేర్పారన్నది ఇరవై రెండేళ్లుగా నాకున్న అనుమానం. జనగామలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టిన మొదటి దసరా నాడు, నట్లు తిప్పే పానాలకు బొట్లు పెడుతుంటే తట్టింది. ఇంగ్లీషువాడు మన గుడి చూసి నట్టు చేశాడా, లేక దేవుడే ఇద్దరికీ వేరువేరుగా చెప్పాడా? శివాలయం అయ్యగారిని అడిగితే, "కుడి అంటే మంగళమే గదా సంజీవా" అని హారతి పళ్లెం ముందుకు జరిపారు. నా భార్య శారదను అడిగితే, "ముందుగాల ఇంట్ల నల్లా నట్టు బిగియ్యి, తర్వాత అడుగు" అన్నది. నల్లా ఇప్పటికీ కారుతూనే ఉంది.

నేను పదో తరగతి వరకు చదివాను. రోజూ స్నానం చేసి, దీపం పెట్టిన తరువాతే షెడ్డు తాళం తీస్తాను. అనుమానాలు ఉన్నాయి. దీపం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

నాలుగేళ్ల కింద మహీధర్ అనే ఆయన ఒక కారును ట్రాక్టర్ ట్రాలీలో తెచ్చి నా షెడ్డు ముందు దింపాడు. వాళ్లది లింగాల ఘనపూర్ అవతల ఊరు, భూములున్న కుటుంబం. కారు ఎం.జి. అనే ఇంగ్లీషు కంపెనీది, 1948లో చేసినది. మహీధర్ నాయినను ఊళ్లో అందరూ దొర అనేవారు. ఆయన హైదరాబాదులో ఎవరి దగ్గరో కొన్నాడు. ఆయన పోయాక ముప్పై ఏడేళ్లు అది పశువుల కొట్టంలో ఉంది. ముందు భాగం రెండు గజాల పొడుగు, కూర్చునే జాగ ఇద్దరికి. పైకప్పు లేదు. చక్రాలకు సైకిలుకు ఉన్నట్టు ఊచలు.

"నడుస్తదా సంజీవన్నా?" అన్నాడు మహీధర్.

"ఎప్పుడన్న నడిచిందా?"

"నడిచింది."

"అయితే నడుస్తది."

ఆ మాట అన్నంత తేలిగ్గా పని సాగలేదు. రేకు విప్పితే లోపల కర్ర చట్రం ఉంది. కారులో కర్ర ఉంటుందని నాకు తెలియదు, చెదలకు తెలిసింది. వడ్రంగి బ్రహ్మయ్యను పిలిచి మొత్తం చట్రం టేకుతో చేయించాను. ఇంజనులో మరలు మన మిల్లీమీటరు లెక్కవే, వాటి తలలు మాత్రం వేరే కొలతవి. నా పానాలు ఒక్కటీ పట్టలేదు. హైదరాబాదు ఆదివారం అంగడిలో మూడు వారాలు తిరిగి పాత పానాల కట్ట ఒకటి తెచ్చాను. బ్యాటరీ ప్లస్సును బాడీకి కట్టాలి, అంటే లోకమంతా చేసేదానికి తిరగేసి. కార్బురేటర్లు రెండు. ఒకటి దారికి వస్తే రెండోది అలుగుతుంది. రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఒక్కోదాని మూతి దగ్గర పట్టి, బుస్సుమనే చప్పుడు రెండింటికీ సమానమయ్యేదాకా తిప్పుతూ ఉండాలి. ఆ పని చేస్తున్నప్పుడు ఎవరైనా వస్తే, నేను దవాఖానలో డాక్టరులాగా చెయ్యి అడ్డం పెట్టేవాణ్ని. నిజం చెబితే, ఆ పని నాకు పూజ తరువాత అంత ఇష్టమైంది.

మహీధర్ వాళ్లమ్మ కమలాదేవి గారు పదిహేను రోజులకొకసారి బస్సులో వచ్చి, పాత టైరు మీద కూర్చుని చూసి పోయేవారు. అరవై తొమ్మిదేళ్లుంటాయి. పెళ్లయిన కొత్తలో దొర ఆమెకు ఈ కారులోనే డ్రైవింగు నేర్పాడట.

ఈ కార్తీకంలో, వరికోతల సమయానికి, కారుకు పెయింటు కూడా అయింది. అప్పుడు మహీధర్ కొత్త మాట తెచ్చాడు. హైదరాబాదు రోడ్డు మీద రిసార్టు కడుతున్న ఒకాయనకు కారు నచ్చింది. గేటు ముందు సిమెంటు గుంజ నిలబెట్టి, దాని మీద కారు పెట్టి, చుట్టూ లైట్లు పెడతాడట.

"గుంజకెక్కిచ్చేదానికి నాలుగేండ్లు ఎందుకు బాగు చేయించినవ్‌రా?" అన్నారు కమలాదేవి గారు.

"పెయింటు మంచిగున్నదన్నడమ్మా. నువ్వు చెప్పు, నడవని కారు ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తం?"

"నడుస్తది."

"సరే. శనివారం పన్నెండు గొట్టంగ ఆయన మనింటికి వస్తడు. అంతల్నే కారు తన కాళ్ల మీద తాను ఇంటికొస్తే నీది. ట్రాలీల వస్తే ఆయనది."

మహీధర్ మాట తప్పేవాడు కాదు. అదే ఇబ్బంది. అతను వెళ్లాక ఆమె నా వైపు తిరిగారు.

"సంజీవా, నాకు వంట మంచిగ రాదు. కుట్లు రావు. డ్రైవింగు ఒక్కటే వచ్చు. గది గూడ గీ బండిలనే వచ్చు."

"తీస్కపోదామమ్మా" అన్నాను.

మిగిలిన పని ముందు చక్రాలు ఎక్కించడమే. ఈ కారుకు చక్రం నడుమ ఒకే ఒక పెద్ద నట్టు ఉంటుంది, దానికి రెండు చెవులు. చెవుల మీద కొయ్య సుత్తితో కొట్టి బిగించాలి. చక్రం కూర్చునే హబ్బులు రెండూ చూడటానికి ఒక్క తీరే. కానీ ఒకదాని మర కుడికి తిప్పితే బిగుస్తుంది, రెండోదాని మర ఎడమకు. మూడేళ్లు అవి కిరోసిన్ డబ్బాలో ఉన్నాయి. ఏది ఏ పక్కదో గుర్తు పెట్టుకోలేదు. నట్ల మీద ఒకప్పుడు ఇంగ్లీషు అక్షరాలు ఉండేవట, సుత్తి దెబ్బలకు అరిగిపోయాయి.

నేను ఎక్కువ ఆలోచించలేదు. కుడి పక్కన కుడికి తిరిగేదే ఉండాలి, ప్రదక్షిణం అదే. ఎడమది ఎడమకు. విప్పని వెనుక చక్రాలను చూస్తే అక్కడ కుడి పక్క నట్టు ఎడమకు బిగుస్తున్నది. వెనుకవి ఎవరో తెలియనివాళ్లు తప్పుగా పెట్టారని అనుకున్నాను. తీరిక లేక వాటిని దిద్దలేదు. అందుకే వెనుక చక్రాలు చివరిదాకా ఉన్నాయి.

శనివారం పొద్దున ఎనిమిదికి కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. శారద కారు చుట్టూ చూసి, "బర్రె కంటె ఎత్తు తక్కువున్నది. జర చూసుకోండ్రి" అన్నది. కమలాదేవి గారు కొంగు నడుముకు బిగించి పక్క సీట్లో కూర్చున్నారు. ఊరు దాటేదాకా నేనే నడపాలని ఒప్పందం.

జనగామ దాటాక నాలుగో గేరు వేశాను. ఆ కారులో కూర్చుంటే చెయ్యి చాపితే తారు తగులుతుంది. మేకలు కళ్లలో కళ్లు పెట్టి చూస్తాయి. గాలికి నా విభూతి ఎగిరిపోయింది. ఇంజను ఒకే గొంతుతో పాడుతున్నట్టు ఉంది. రెండు కార్బురేటర్లు మొదటిసారి ఒక మాట మీద ఉన్నాయి. ఎదురుగా వచ్చిన ఆర్టీసీ డ్రైవరు బస్సు ఆపి, మేము దాటిపోయేదాకా చూశాడు. నాలుగేళ్ల తరువాత ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను.

"ఇగ జరుగు, నేను తోల్త" అన్నారు ఆమె.

"ఆ తండ దాటినంక అమ్మా."

అప్పుడు ఒక చక్రం మా కుడి పక్క నుంచి మమ్మల్ని దాటి ముందుకు పోయింది. ఈ రోడ్డు మీద ఇలాంటి ఊచల చక్రాలు ఇంకెవరి కారుకున్నాయా అని ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను. తరువాత కారు కుడివైపుకు కూలబడింది. కిర్రుమంటూ ఈడ్చుకుంటూ పోయి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లలోకి దూసుకుపోయి ఆగింది. మాకు ఏమీ కాలేదు. చక్రం మాత్రం ఇంకొంత దూరం తీరిగ్గా పోయి కాలువలో పడుకుంది.

వడ్లు తిరగేస్తున్న ఒక ఆడమనిషి పార పట్టుకుని వచ్చింది. పేరు లాలి, పక్కనున్న తండావాసి.

"కండ్లు కనవడ్తలేవా? వడ్ల మీదికెల్లి తోల్తరా?"

"వడ్లు రోడ్డు మీద పోసింది నువ్వే గద బిడ్డా" అన్నారు కమలాదేవి గారు.

"రోడ్డు మా తండ ముందట పోసింది సర్కారు గద!"

నేను దిగి వెనక్కి నడిచి, కొంత దూరంలో నట్టు వెతికి, కాలువలోంచి చక్రం కూడా తెచ్చాను. ఎడమ పక్క నట్టును చేత్తో ముట్టుకుంటే అది కూడా తిరిగింది. అదీ ప్రయాణానికి సిద్ధంగానే ఉంది. అప్పటికి తొమ్మిదైంది. గట్టిగా సుత్తితో కొట్టి రెండూ బిగించగలను కానీ, ఇవి మళ్లీ ఎందుకు ఊడవో నాకు తెలియదు. ట్రాలీ పిలిస్తే గంటలో ఇల్లు చేరతాం, కారు గుంజ ఎక్కుతుంది.

లాలి మామ పూల్‌సింగ్ కర్ర పట్టుకుని వచ్చాడు. ముసలివాడు. కారును చూడలేదు, నేరుగా ఎడమ చక్రం దగ్గరికి వచ్చి నట్టు చెవి పట్టుకుని తిప్పి చూశాడు.

"ఎవడు వెట్టిండు గిది?"

"నేనే" అన్నాను.

"ఉల్టా వెట్టినవ్."

"కుడి పక్క కుడికి, ఎడమ పక్క ఎడమకు బిగియాలె గద?"

"కుడి ఎడమ నాకెర్క లేదు నాయినా. దొర దగ్గర ఏడేండ్లు గీ బండి కడిగిన, చక్రాలు ఇప్పిన. బండి ముందటికి పోయే దిక్కు కొడ్తె ఊడాలె, ఎన్కకు కొడ్తె బిగియాలె. రెండు దిక్కుల గంతే. నువ్వు వెట్టినట్టు వెడ్తె, నడిచిన కొద్ది అదే ఇప్పుకుంటది."

నేను వెనుక చక్రాల దగ్గరికి వెళ్లి చూశాను. అవి మొదటి నుంచీ అదే చెబుతున్నాయి.

లాలి తన కొడుకు ట్రాక్టరు నుంచి జాకీ తెచ్చి ఇచ్చింది. హబ్బులు విప్పి అటుదిటు, ఇటుదటు మార్చాను. గ్రీజులో కొంత వడ్ల పొల్లు కలిసింది. పూల్‌సింగ్ పక్కన కూర్చుని ప్రతి పనికీ, "నిమ్మళంగ" అంటున్నాడు. కమలాదేవి గారు వడ్ల మీద చీర చెంగు పరిచి కూర్చున్నారు. పని సగం అయ్యాక, ముసలాయన ఆమె వైపు తిరిగాడు.

"దొరసానీ, నా పెట్ట సంగతేంది?"

ఆమె గాజులు సర్దుకున్నారు. "ఏం పెట్ట?"

"నల్ల కోడిపెట్ట. నువ్వు బండి నేర్చుకుంటున్నప్పుడు కొట్టం ముందట తొక్కిచ్చినవ్. దొరకు చెప్పకు పూల్‌సింగ్, ఇంకో పెట్ట ఇస్త అన్నవు."

"ఇయ్యలేదా?"

"ఇయ్యలే."

"నలభై ఏండ్లు దాటె గదనయ్యా! అడగొద్దా?"

"బండి మల్ల ఇట్ల వచ్చిననాడు అడుగుదామనుకున్న. బండి రాకపాయె."

లాలి పార కింద పెట్టింది. "మామా, ఆ పెట్టను పిల్లి ఎత్కపోయిందని అత్తమ్మకు చెప్పినవంట గద! అత్తమ్మ సచ్చేదాక ఊళ్లె పిల్లులన్నిటిని తిట్టింది."

"దొరసానికి మాట ఇచ్చిన గదా" అన్నాడు పూల్‌సింగ్. "రోజుకొక గుడ్డు వెట్టేది."

కమలాదేవి గారు వడ్లను చేత్తో చదును చేస్తూ ఉన్నారు.

పదకొండుకు చక్రాలు ఎక్కాయి. పూల్‌సింగ్ సుత్తి నా చేతిలోంచి తీసుకుని, రెండు నట్లనూ వెనుకకు మూడేసి దెబ్బలు కొట్టాడు. లాలి మా చేత వడ్లన్నీ చదును చేయించింది. మిగిలిన దారి కమలాదేవి గారే నడిపారు. బాగా నడిపారు. గేరు మార్చేటప్పుడు మాత్రం కళ్లు మూసుకునేవారు, దొర అలాగే నేర్పాడట.

పన్నెండుకు పది నిమిషాలు ఉండగా ఇంటి ముందు ఆగాం. మహీధర్, రిసార్టు ఆయన అరుగు మీద చాయ్ తాగుతున్నారు. రిసార్టు ఆయన కారు చుట్టూ తిరిగి చూశాడు.

"పెయింటు మంచిగున్నది. ఇంజను తీసేస్తే బరువు తగ్గుతది, గుంజ ఆగుతది" అన్నాడు.

మహీధర్ గడియారం చూశాడు. తల్లిని చూశాడు. ఆమె ఇంకా స్టీరింగు వదలలేదు, జుట్టులో రెండు వడ్ల గింజలున్నాయి.

"నడుస్తున్నది గదన్నా" అన్నాడు అతను రిసార్టు ఆయనతో. "నడిచేదాన్ని గుంజకెట్ల ఎక్కిస్తం? ఇంకోటి చూసుకోరాదు." ఆయన నొచ్చుకున్నాడు కానీ, భోజనం చేసే వెళ్లాడు.

సోమవారం నాకు కబురు వచ్చింది, నట్లు ఒకసారి చూసిపొమ్మని. వెళ్లేసరికి కమలాదేవి గారు కారు ఇంటి ముందు నిలబెట్టి ఉన్నారు. నట్లు రాయిలా బిగిసి ఉన్నాయి.

"ఎక్కు" అని ఒక నల్ల పెట్టను నా చేతికిచ్చారు.

కార్తీక సోమవారం, ఉపవాసం, ఒళ్లో కోడి. ఇందులో పాపం ఉందా అని దారంతా ఆలోచించాను. కోడి కూడా ఏదో ఆలోచిస్తున్నట్టే ఉంది. తండా రాగానే ఆమె వేగం బాగా తగ్గించి, రోడ్డుకు రెండు వైపులా కోళ్లున్నాయేమో చూసి, వడ్లకు ఇవతలే ఆపారు.

పూల్‌సింగ్ మంచం మీద నుంచి లేచి వచ్చాడు. పెట్టను తీసుకుని, రెక్క లేపి చూశాడు. కాళ్లు చూశాడు. బరువు చూశాడు.

"గుడ్లు వెడ్తదా?"

"మొన్నటి నుంచి వెడ్తున్నది" అన్నారు కమలాదేవి గారు.

అతను పెట్టను చంకలో పెట్టుకుని తల ఊపాడు.

"ముట్టింది దొరసానీ."